మెల్లగా పాడమంటే వెనకబడతారేం?

ప్రశ్న: ఈమధ్యే ఓ క్వయర్‌లో, అంటే బృందగానం పాడేవాళ్లలో, చేరాను. పాట కాగితం నిండా ఇటాలియన్ మాటలే. మొన్న రిహార్సల్లో మాతో పాడించే కండక్టర్ ‘ఇక్కడ మెల్లగా’ అన్నారు, మెల్లగానే పాడాను, తీరా ‘వెనకబడుతున్నారేంటి’ అని నన్నే అడిగారు. అప్పట్నుంచీ టెన్షనే. ఇవన్నీ ఎప్పటికి వంటబడతాయి?

జవాబు: తప్పు మీదీ కాదు, ఆయనదీ కాదు, ఆ ‘మెల్లగా’ అనే మాటది. మెల్లగా నడవమంటే వేగం తగ్గిస్తాం, మెల్లగా మాట్లాడమంటే గొంతు తగ్గిస్తాం. ‘గొంతు పెంచండి’ కూడా అంతే, గట్టిగా పాడాలా, పై స్వరం అందుకోవాలా? ఇద్దరు మాట్లాడుకునేటప్పుడు సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది గానీ, ముప్ఫై మంది కలిసి పాడేచోట సగం మందికి ఒకలా, మిగతావాళ్లకి ఇంకోలా అర్థమైతే పాట అక్కడే చెదిరిపోతుంది. వేగానికి ఒక మాట, శబ్దానికి ఒక మాట, స్వరస్థాయికి ఇంకో మాట ఉండాల్సింది అందుకే.

కాగితం మీద ‘పి’ అని ఉంటే పియానో, అంటే చిన్నగా. ‘ఎఫ్’ అంటే ఫోర్టె, గట్టిగా. వాటి ముందు ‘ఎం’ ఉంటే మెజో, ఓ మోస్తరుగా అన్నమాట. వీటికి వేగంతో ఏ సంబంధమూ లేదు. (పియానో వాయిద్యం పేరూ ఇక్కడిదే. 1700 ప్రాంతంలో ఇటలీలో క్రిస్టొఫోరి తయారుచేసిన ఆ వాయిద్యం, కీ నొక్కే బలాన్ని బట్టి చిన్నగానూ గట్టిగానూ పలికేది. రెండు మాటలూ కలిపి పియానోఫోర్టె అన్నారు, వాడుకలో ‘గట్టిగా’ రాలిపోయింది.) వేగం సంగతి చెప్పేవి వేరే: అడాజియో నిదానం, అందాంతె నడక వేగం, అల్లెగ్రో హుషారు. 60 అని అంకె వేసి ఉంటే నిమిషానికి 60 తాళం దెబ్బలు, గడియారంలో సెకన్ల ముల్లు చూస్తూ సరిచూసుకోవచ్చు. ‘రిట్’ (క్రమంగా నెమ్మదించమని) అని కనిపిస్తే తప్ప మీ అంతట మీరు నెమ్మదించకండి.

అందరూ బోల్తా పడేది క్రెషెండో దగ్గర. ఎడమవైపు మొనతో మొదలై కుడివైపుకి నోరు తెరుచుకునే గుర్తు అది, క్రమంగా శబ్దం పెంచమని అర్థం. ఆ గుర్తు కనబడగానే గట్టిగా అందుకుంటారు, ఇక పెంచడానికి ఏం మిగులుతుంది? మొన ఉన్నచోట మీరింకా చిన్నగానే పాడుతూ ఉండాలి.

ఇంట్లో ఒక పని చేసి చూడండి. తెలిసిన పాటలో ఒక చరణం గట్టిగా పాడుతూ తొడ మీద వేలితో తాళం వేయండి, ఆపకుండా అదే చరణం గుసగుసకి కాస్త ఎక్కువగా పాడండి. వేలు నెమ్మదించిందా? దొరికిపోయారు. శ్రుతి కూడా కిందికి జారుతుంది చూసుకోండి, ఎందుకంటే చిన్నగా పాడేటప్పుడు ఊపిరి మీద పట్టు కూడా వదిలేస్తాం. నిజానికి ఊపిరి మీద పట్టు ఎక్కువ కావాల్సింది అప్పుడే.

ప్రశ్న: నన్ను ఆల్టోలో వేశారు. గొంతు అంత బాగాలేదనా?

జవాబు: అయ్యో, కాదండీ. పైనుంచి కిందికి సోప్రానో, ఆల్టో, టెనర్, బేస్, మామూలుగా మొదటి రెండూ ఆడవాళ్లవి, తర్వాతి రెండూ మగవాళ్లవి. మీ గొంతు ఎక్కడ హాయిగా పలుకుతుందో చూసి వేస్తారు, ర్యాంకులు కావు. నన్నడిగితే ఆల్టోదే కష్టం. ట్యూను చాలావరకు సోప్రానోలకి పోతుంది, మీకు మిగిలేది నాలుగైదు స్వరాల మధ్య తిరిగే లైను, విడిగా పాడితే ఇదేం పాట అనిపిస్తుంది. అందరూ ఒకే స్వరం పాడితే యూనిసన్, వేర్వేరు స్వరాలు కలిసి పలికితే హార్మనీ, మీ లైను తీసేస్తే ఆ హార్మనీ బోలుగా వినిపిస్తుంది. నేనూ మొదట్లో తెలియకుండానే పక్కవాళ్ల ట్యూనులోకి జారిపోయేదాన్ని. మీ లైను ఒక్కటే పనులు చేసుకుంటూ పాడగలిగేదాకా పాడండి, ఆ తర్వాతే సోప్రానో రికార్డింగు పెట్టుకుని, దాని శబ్దం కొద్దికొద్దిగా పెంచుతూ పాడండి.

ప్రశ్న: టెనర్ పాడతాను. కాగితంలో ఉన్న స్వరాన్ని పియానో మీద నొక్కితే నా గొంతుకన్నా పైన పలుకుతోంది. అచ్చుతప్పా?

జవాబు: కాదు. లైను మొదట్లో మెలికలు తిరిగి ఉండే ట్రెబుల్ క్లెఫ్ గుర్తు కింద చిన్న 8 అంకె ఉందేమో చూడండి, రాసినదానికన్నా ఒక ఆక్టేవ్ (పై ‘స’ నుంచి కింది ‘స’ దాకా ఉన్నంత దూరం) కింద పాడమని. రాసింది 440 హెర్ట్జ్ స్వరమైతే మీరు పాడేది 220. కొన్ని ప్రతుల్లో ఆ 8 కూడా వేయరు, టెనర్ లైను కదా, తెలిసే ఉంటుందని.

ప్రశ్న: చివర ఒకే స్వరం 16 దెబ్బలు లాగాలి. ఊపిరి చాలడం లేదు. ‘స్టాగర్ చేయండి’ అన్నారు, అంటే?

జవాబు: అందరూ ఒకేచోట ఊపిరి తీసుకోకుండా, ఒకరి తర్వాత ఒకరు తీసుకోవడం. మీ పక్కవాళ్లు ఎక్కడ తీసుకుంటారో అడిగి, మీ చోటు వేరే పెట్టుకుని, పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగకండి, గొంతు వణికాక ఆపితే వినేవాళ్లకి తెలిసిపోతుంది. స్వరం మధ్యలోనే శబ్దం తగ్గించి వదిలేయండి, తొందరపడకుండా ఊపిరి తీసుకోండి, మళ్లీ కలిసేటప్పుడు మాట మొదలుపెట్టకండి. అక్కడ ‘రా’ అని లాగుతుంటే మీరు ‘రా’ అని కాదు, ఉత్త ‘ఆ’తో, చిన్నగా చొరబడాలి.