భజనకు ఏ శ్రుతి పెట్టుకోవాలి? గానం గురించి పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా భజన బృందంలో పదిమంది ఆడవాళ్లం, ఆరుగురు మగవాళ్లు. ఇక్కడ ఒడియావారి కార్తీకం ఆశ్వయుజ పున్నమి మర్నాడే మొదలవుతుంది, మనది దీపావళి వెళ్లాక. రెండు గుళ్లలోనూ పాడతాం కాబట్టి మొత్తం 45 రోజులు. ఒడియావారి పంచుక (వాళ్ల కార్తీకంలో చివరి అయిదు రోజులు) వచ్చేసరికే సగంమందికి గొంతు బొంగురుపోతోంది. మిరియాల కషాయం, పటికబెల్లం అన్నీ అయ్యాయి. ఇంకేం చెయ్యాలి?
- ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: కషాయం సంగతి తర్వాత. హార్మోనియం వాయించేవారు ఏ మెట్టు మీద షడ్జం (‘స’) పడుతున్నారో ముందు చూడండి. ఇలాంటి కలగలుపు బృందాల్లో చాలావరకు అది మూడు, నాలుగు శ్రుతుల దగ్గర (C నుంచి తెల్లమెట్లు వరసగా ఒకటి నుంచి ఏడు శ్రుతులు, మధ్య నల్లమెట్లు ఒకటిన్నర, రెండున్నర అలా) ఉంటుంది. అక్కడ మగవాళ్లు పైషడ్జం కోసం అరవాలి, ఆడవాళ్లకు మంద్రంలో (షడ్జానికి కింది స్వరాల్లో) గొంతే పలకదు. ఇద్దరికీ చెడ్డ చోటు. రోజూ రెండు గంటలు అక్కడ పాడితే ఏ గొంతైనా మొరాయిస్తుంది.

ఒక సాయంత్రం పాట మానేసి ఒక్కొక్కరి గొంతూ చూడండి. ‘ఆ’ అంటూ మెట్టుమెట్టుగా పైకి వెళ్లాలి. మెడ నరాలు ఉబ్బకుండా, గడ్డం పైకి లేవకుండా హాయిగా పలికిన ఆఖరి స్వరాన్ని తారస్థాయి మధ్యమం, అంటే పైషడ్జం దాటాక వచ్చే ‘మ’ అనుకోండి. ఆ మెట్టు వదిలి, నలుపూ తెలుపూ కలిపి అయిదు మెట్లు కిందికి లెక్కపెడితే షడ్జం దొరుకుతుంది. ఆడవాళ్లకు ఎక్కువగా అయిదు నుంచి ఆరు, మగవాళ్లకు ఒకటి నుంచి రెండు శ్రుతుల్లో తేలుతుంది.

మరి కలిసి పాడేదెలా? రాత్రంతా ఒకే శ్రుతి అనే పట్టు వదిలేసి పాటలను రెండు కట్టలు చెయ్యండి. షడ్జం నుంచి పైకే సాగి, మంద్రంలోకి పెద్దగా దిగని పాటలకు ఆరు శ్రుతి. మంద్ర పంచమం (కింది ‘ప’) దాకా దిగి, పైషడ్జం దాటని నామాలకు రెండు శ్రుతి. రెండింట్లోనూ మగవాళ్లు సరిగ్గా ఒక స్థాయి (‘స’ నుంచి పై ‘స’ దాకా ఉండే దూరం) కింద పాడతారు. అటు మంద్రమూ ఇటు తారగాంధారమూ (పై ‘గ’) తాకే కీర్తనలు గుంపు పాటకు పనికిరావు. అవి ఒకరు పాడి, మిగతావాళ్లు పల్లవి అందుకోవాల్సినవి.

రెండు, ఆరు అనే చెప్పడానికి ఇంకో కారణముంది. రెండుకు షడ్జంగా కలిపిన తబలా ఆరుకు మధ్యమం అవుతుంది, మధ్యలో తబలా శ్రుతి మార్చడానికి సుత్తి పట్టుకోనక్కర్లేదు. మోహనంలాంటి మధ్యమం లేని రాగాలకు మాత్రం ఇది కుదరదు.

మీ వైపు తరచూ జరిగే పొరపాటు ఒకటి. హిందుస్తానీ లెక్క అలవాటైన హార్మోనియం వాద్యకారుడికి ‘నాలుగు’ అంటే నాలుగో నల్లమెట్టు పట్టవచ్చు. మన లెక్కలో అది అయిదున్నర. నోటితో చెప్పకుండా మెట్టు మీద వేలు పెట్టి చూపించండి.

ఇక గొంతు సంగతి. పాడేముందు అరగ్లాసు నీళ్లలో స్ట్రా రెండు సెంటీమీటర్లు ముంచి, బుడగలు వస్తుండగా ‘ఊ’ అని కిందికీ పైకీ నెమ్మదిగా జార్చండి. మూడు నిమిషాలు చాలు. స్ట్రాలో వెనక్కి తన్నే గాలి ఒత్తిడి వల్ల స్వరతంత్రులు గట్టిగా గుద్దుకోకుండా కదులుతాయి. సాంబ్రాణి పొగ గాయకుల ముఖం మీదికి రానివ్వకండి. భజన ముగిశాక రాత్రి పదింటికి పులిహోర తిని వెంటనే పడుకోవడం కూడా గొంతు చెడగొడుతుంది, కడుపులో ఆమ్లం పైకి తన్నుతుంది. పొద్దున్నే బొంగురు, పదకొండింటికి మామూలు అయితే అనుమానం దానిమీదే. బొంగురుపోయినవాళ్లు రెండు మూడు రోజులు తాళాలు వాయించాలి. గుసగుసగా మాట్లాడటం విశ్రాంతి కాదు, కొందరికి అదీ శ్రమే. మూడు వారాలు దాటినా తగ్గకపోతే చెవి-ముక్కు-గొంతు డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు. నిన్నటిదాకా అయిదున్నర శ్రుతిలో పాడేవాడు, ఇప్పుడు గొంతు చీలుతోంది. సంగీతం మాన్పించాలా?
- ఒక తండ్రి, రాయగడ

జవాబు: మాన్పించకండి. పోటీలు మాన్పించండి. స్వరతంత్రులు పొడవవుతూ గొంతు దాదాపు ఒక స్థాయి దిగుతుంది, కుదురుకోవడానికి కొన్ని నెలల నుంచి ఏడాది పైనే పట్టవచ్చు. అందాకా హాయిగా పలికే అయిదారు స్వరాల్లోనే రోజుకు పావుగంట పాడనివ్వండి, నెలకోసారి శ్రుతి మార్చి చూడండి. పాత శ్రుతి కోసం గొంతు నులమడం ఎంత చెడ్డదో, పెద్దవాడిలా లావు గొంతు పెట్టడమూ అంతే. తాళం గట్టిపడటానికీ వయొలిన్ పట్టుకోవడానికీ మంచి వయసు. విజయనగరం మీకు నేరుగా రైలున్న ఊరే. 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులుగా మొదలైన సంగీత కళాశాల అక్కడుంది. ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ నేర్పిన చోటు. వెళ్లి కనుక్కోండి.

ప్రశ్న: నాన్నగారికి పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది. కుడిచెయ్యి, మాట పడిపోయాయి. మేం చెప్పేది అర్థమవుతోంది. ‘నీళ్లు’ అని అడగలేరు గానీ, మేం రామభజన అందుకుంటే మాటలతో సహా పాడుతున్నారు. పాటతో మాట తెప్పించవచ్చా? ఇంట్లో తెలుగు, ఆయన ఉద్యోగమంతా ఒడియా. ఏ భాషలో?
- ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: మాట కట్టే పని చాలామందిలో మెదడు ఎడమ భాగానిది. పాటకు కుడి భాగం కూడా సాయం పడుతుంది. అందుకే ఎడమవైపు దెబ్బతిన్నా పాట మిగులుతుంది. దీన్ని ఆధారం చేసుకుని 1973లో అమెరికాలోని బోస్టన్‌లో ఒక చికిత్సా పద్ధతి తయారైంది. మీ నాన్నగారిలా అర్థం చేసుకోగలిగి, మాట పెగలనివారికే అది ఎక్కువగా పనికొస్తుంది. స్పీచ్ థెరపిస్టు చూడటం ముఖ్యం. ఆ తర్వాత ఇంట్లో చేసేది ఇది.

ఎదురుగా కూర్చుని ఆయన ఎడమచెయ్యి పట్టుకోండి. రోజూ అవసరమయ్యే చిన్నమాట తీసుకోండి: ‘నీళ్లివ్వు’. రెండే స్వరాలు, షడ్జం, సాధారణ గాంధారం (షడ్జం నుంచి నలుపూ తెలుపూ కలిపి మూడో మెట్టు). ‘నీ’ పైన, ‘ళ్లి’, ‘వ్వు’ కింద. ముందు మాట లేకుండా ఆ వరస మీరు కూనిరాగం తియ్యండి, అక్షరానికొకసారి ఆయన చేతిని బల్లమీద తట్టిస్తూ. తర్వాత మాటతో ఇద్దరూ కలిసి పాడండి. కుదిరాక మీరు సగంలో గొంతు తగ్గించెయ్యండి, మిగతాది ఆయనే పూర్తిచేస్తారు. ఆపైన మీరు పాడి ఆగితే ఆయన తిరిగి అనాలి. చివరికి “ఏం కావాలి?” అని అడిగితే ఆయన నోట రావాలి. అది నిలదొక్కుకున్నాకే రాగం తగ్గించి మాటలోకి దింపండి. పూటకు 15 నిమిషాలు, రెండు పూటలు. అలిసినట్టు కనిపిస్తే ఆపెయ్యండి.

ఎక్కడ చెడుతుందంటే, ఇంటివాళ్లు భజనలతోనే ఆగిపోతారు. కంఠస్థమైన పాట ఒక్క బిగిని వస్తుంది, అందులోంచి ఒక మాట విడదీసి వాడుకోవడం రాదు. భజన ఆయన సంతోషానికి పాడండి, సాధనకు పై పద్ధతి వేరుగా ఉంచండి. రెండో తప్పు తొందర. ఆయన వెతుక్కుంటుంటే మనం మాట అందించేస్తాం. మనసులో అయిదు లెక్కపెట్టి ఆగండి. భాష విషయానికొస్తే, నీళ్లూ కాఫీ ఇంట్లో ఏ భాషలో అడిగేవారో ఆ భాషతో మొదలుపెట్టండి. రెండూ కలపకండి, ఒడియా తర్వాత చూసుకోవచ్చు.

ప్రశ్న: మా హార్మోనియంలో వానాకాలం ఒక మెట్టు నొక్కకుండానే మోగుతుంది, ఇంకొకటి నొక్కినా పలకదు.
- ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: రెండూ వేర్వేరు జబ్బులు. నొక్కకుండా మోగేదానికి మెట్టు వెనక మూత సరిగ్గా కూర్చోవట్లేదు. పైచెక్క తీసి ఆ మెట్టు ఎత్తి, మూత కింది తోలులో దుమ్ము, పురుగుపొట్టు ఉంటే పొడి కుంచెతో దులపండి. అయినా మోగితే స్ప్రింగు బలం తగ్గింది లేదా చెమ్మకు చెక్క ఉబ్బింది.

పలకనిదాంట్లో ఇత్తడి నాలుకకూ దాని గాడికీ మధ్య నలుసు ఇరుక్కుని ఉంటుంది. పల్చటి కాగితం ముక్క నాలుక కిందికి పోనిచ్చి మెల్లగా లాగండి. నూనె, కిరోసిన్ వద్దు, మర్నాటికి ఇంకా దుమ్ము పడుతుంది. నాలుకను గోటితో పైకి లాగితే శ్రుతి పోతుంది. కొసన గీకితే స్వరం పైకి, మొదట్లో గీకితే కిందికి పోతుంది. ఆ పని చేయి తిరిగినవాళ్లకే వదిలెయ్యాలి. తిత్తి పరీక్షకు స్టాపులన్నీ మూసి గాలి నింపి వదలండి. వెంటనే కూలిపోతే ఎక్కడో చిల్లి ఉంది.

ప్రశ్న: పాత ఉడుము చర్మం కంజీర పగిలింది. కొత్త చర్మం ఎక్కడ దొరుకుతుంది?
- ఒక పాఠకుడు, జయపురం

జవాబు: దొరికినా కొనకండి. ఉడుము 1972 వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, దాని చర్మం కొన్నా అమ్మినా నేరమే. పల్చటి మేకతోలు వేయించుకోండి. వాయించే ముందు లోపలివైపు వేళ్లతో నీళ్లు చిలకరించి, రెండు నిమిషాలు ఆగి చూసి, చాలకపోతే ఇంకాస్త. ఒకేసారి తడిపితే గుమ్మనే నాదం బదులు చప్పుడే వస్తుంది, ఆరేదాకా కూర్చోవాలి.