టెక్ సందేహాలు: పంపు మార్చినా గేజీ కదలట్లేదా? ఒకసారి హోసు చూడండి

ప్రశ్న: సార్, మాది గుంటూరు బ్రాడీపేట, ఇంజినీరింగ్ ఫైనలియర్. ప్రాజెక్టుకి పంపుతో లోపలి గాలి లాగేసే చిన్న వ్యాక్యూమ్ చాంబర్ చేశాం. 6 మిల్లీమీటర్ల రబ్బరు హోసు, మీటరు పొడవు. మొదట్లో గేజీ టకటకా పడిపోతుంది, 1 పాస్కల్ దగ్గరకొచ్చేసరికి నత్తనడకే. డబుల్ కెపాసిటీ పంపు అద్దెకి తెచ్చినా అంతే. లోపల పాలిష్ చేసిన పైపు వేస్తే ఫాస్ట్ అవుతుందా?

జవాబు: ఇంకో పంపు మాత్రం కొనొద్దు బాబూ, అడ్డం పడుతోంది హోసే. మామూలు గాలిలో ఒక అణువు ఇంకోదానికి తగలకుండా వెళ్లే దూరం 70 నానోమీటర్ల లోపే, అంటే బెంజి సర్కిల్ ట్రాఫిక్ లాగా ఒకదాన్నొకటి నెట్టుకుంటూ వెళ్తాయి, పంపు లాగితే మొత్తం గుంపు కదులుతుంది. 1 పాస్కల్ దగ్గర, అంటే మామూలు గాలి ఒత్తిడిలో దాదాపు లక్షో వంతు దగ్గర, అదే దూరం దాదాపు 7 మిల్లీమీటర్లు, నీ హోసేమో 6. అప్పుడు అణువుకి పక్క అణువు కంటే ముందు గోడే తగులుతుంది, వెనకనుంచి నెట్టేవాళ్లే ఉండరు.

ఆ గోడ దగ్గరే అసలు కథంతా. క్యారమ్ బోర్డులో కాయిన్ అంచుకి తగిలితే ఎటు పోతుందో మనం ముందే చెప్పేస్తాం, అణువు అలా కాదు, గోడకి అంటుకుని రెప్పపాటుకన్నా ఎంతో తక్కువసేపు కూర్చుని, ఎటునుంచి వచ్చిందో మర్చిపోయి ఎటో ఒకవైపు లేస్తుంది, పంపు వైపు పోవడానికి ఎంత ఛాన్సో వెనక్కి చాంబర్లోకి పోవడానికీ అంతే. 1879లో భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ దీనికో లెక్క ఇచ్చాడు, ఇలా అన్నీ మర్చిపోయి లేచే అణువుల వంతుని సిగ్మా అంటారు. మనం వాడే మామూలు పైపుల్లో అది 0.8 నుంచి 1 మధ్యే ఉంటుంది.

గోడ నునుపైతే అణువు క్యారమ్ కాయిన్‌లా ముందుకే పోతుందనే కదా పాలిష్ సంగతి అడిగావు, మంచి ప్రశ్న. కానీ మన కంటికి అద్దంలా మెరిసేది కూడా అణువుకి కొండలూ లోయలే, పైగా మన కృష్ణా తీరం ఉక్కపోతకి గోడ మీద తేమ పొర ఉండనే ఉంటుంది. నిజంగా అణువుల లెవెల్లో నునుపైన గోడ దొరికితే తేడా మామూలుగా ఉండదు, 2006లో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్ వాళ్లు 2 నానోమీటర్లకన్నా సన్నని కార్బన్ గొట్టాల్లో (నానోట్యూబుల్లో) గ్యాస్ పంపిస్తే, గోడ దగ్గర అణువు అన్నీ మర్చిపోతుందనే పాత లెక్కకి 10 రెట్లు పైనే వెళ్లింది! మనకి అది కుదరదు కాబట్టి సైజు మార్చు. ఈ ప్రెషర్లో ఫ్లో వ్యాసానికి ఘనం లెక్కన పెరుగుతుంది, 12 మిల్లీమీటర్లు వేస్తే సుమారు 8 రెట్లు, పొడవు సగం చేస్తే ఇంకో రెండింతలు. రబ్బరు తీసేసి రాగి గానీ స్టీలు గానీ వెయ్యి, రబ్బరు తనలోంచే గ్యాస్ వదులుతూ ఉంటుంది. పంపు నడుస్తుండగా చాంబర్ని కొంచెం వేడి చెయ్యి, తేమ త్వరగా లేస్తుంది.

ప్రశ్న: విజయవాడ పటమట నుంచి. సన్నని డక్ట్‌లో తక్కువ ప్రెషర్ గ్యాస్ ఫ్లోని ఓపెన్‌ఫోమ్‌లో (ఫ్లో లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్) వేశాను. ప్రయోగంలో వచ్చిందానికన్నా తక్కువ చూపిస్తోంది, మెష్ (లెక్క కోసం డక్ట్‌ని చేసిన చిన్న గళ్లు) తప్పా?

జవాబు: మెష్ అయ్యుండదండీ, గోడ దగ్గర నో-స్లిప్, అంటే గోడకి ఆనుకున్న గ్యాస్ కదలదని, పెట్టి ఉంటారు. ఇక్కడ గ్యాస్ గోడ మీద జారుతుంది, ఆ జారుడు మాక్స్‌వెల్ లెక్క ప్రకారం 2లోంచి సిగ్మా (పై జవాబులో చెప్పిందే) తీసేసి సిగ్మాతోనే భాగిస్తే వచ్చే నంబరుని బట్టి మారుతుంది, సిగ్మా 1 అయితే 1, 0.8 అయితే ఏకంగా 1.5. అణువు ప్రయాణ దూరం డక్ట్ వెడల్పులో పదో వంతు దాటితే స్లిప్ కూడా చాలదు, ఓపెన్‌ఫోమ్‌లోనే అణువుల్ని కణాలుగా నడిపించే డీఎస్‌ఎంసీఫోమ్ సాల్వర్‌కి మారండి, గోడ మోడల్‌గా మిక్స్‌డ్ డిఫ్యూజ్ స్పెక్యులర్ తీసుకుని డిఫ్యూజ్ ఫ్రాక్షన్ (అదే మన సిగ్మా) 1తో మొదలుపెట్టి 0.9, 0.8 వేసి చూడండి. ఇంకోటి, ప్రెషర్ తగ్గించుకుంటూ పోతే ఫ్లో గ్రాఫ్ ఒకచోట కిందకి దిగి మళ్లీ లేస్తుంది, అది చూసి కోడ్ చెడిందని డిలీట్ చేసేయకండి. 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త న్యూడ్సన్ ప్రయోగంలోనూ ఆ గుంట కనిపించింది, మీ సిమ్యులేషన్‌లో కూడా వస్తే సెటప్ సరిగ్గానే ఉన్నట్టు.