రాత్రి పన్నెండింటికి ఎవరి తలుపు కొడతారు?

గుంటూరులో మీ కాలనీలో ఆరోగ్యం మీద పనిచేసే నాయకుల్ని అక్కడివాళ్లలోంచే ఎలా తయారు చెయ్యాలి, ట్రైనింగ్ మెటీరియల్ ఏమైనా ఉందా అని అడిగారు. మెటీరియల్ సంగతి చివర్లో చెప్తాను. విజయవాడ వన్‌టౌన్ వైపు కొండమీది ఇళ్లలో మేం నలుగురు స్నేహితులం మూడేళ్లు తిరిగాం. అందులో మొదటి ఏడాది పూర్తిగా దండగ.

డ్వాక్రా లీడర్లలో బాగా మాట్లాడేవాళ్లని పన్నెండు మందిని ఏరాం. హాలు, బ్యానరు, భోజనాలు, తలా ఒక సంచీ. డెంగీ దోమ పగలు కుడుతుందని, ఇంట్లో నిలవున్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుందని చార్టులు చూపించి చెప్పాం. అందరూ తలూపారు. మూడు నెలలు తిరిగేసరికి వచ్చేది ఇద్దరే, వాళ్లూ మొహమాటానికి. వాళ్లనని ఏం లాభం? లోన్ల కిస్తీలు, సర్వేలు, పార్టీ మీటింగులకు జనాన్ని పోగెయ్యడం అప్పటికే వాళ్ల నెత్తిన ఉన్నాయి.

రెండో ఏడాది ఇంటింటికీ వెళ్లి ఒకటే అడిగాం. "రాత్రి పన్నెండింటికి పిల్లాడికి జ్వరం ఎక్కువైతే ఎవరి తలుపు కొడతారు?" సగం ఇళ్లు ఒక్కరినే చెప్పాయి, మెట్ల మొదట్లో ఇడ్లీ బండి పెట్టే అక్కని. మా పన్నెండు మందిలో ఆవిడ లేదు! వెళ్లి అడిగితే "నాకు చదువు రాదు బాబూ, నన్నొదిలెయ్యండి" అంది.

ఈసారి చార్టులు తియ్యలేదు. క్లోరిన్ పరీక్ష కిట్టు చేతికిచ్చాం. చిన్న గొట్టంలో కుళాయి నీళ్లు పట్టి ఆర్థోటోలిడిన్ చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉన్న నీళ్లు పసుపురంగుకి తిరుగుతాయి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. కింద కుళాయిలో రంగు బాగానే వచ్చింది. అరవై మెట్లెక్కి పైన కుళాయిలో పట్టి చూస్తే నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. అక్క గొట్టాన్ని ఎండకు పెట్టి చూసింది, కడిగి మళ్లీ పట్టింది. మళ్లీ అంతే. "మధ్యలో ఎక్కడో పోతోంది" అని పైపు వెంబడే మెట్లు దిగడం మొదలుపెట్టింది. సైడుకాలువలోంచి పైపు వెళ్లేచోట జాయింటు కారుతోంది. నీళ్లొదిలినంతసేపూ అది బయటికే కారుతుంది. ఆపేశాక పైపు ఖాళీ అవుతూ కాలువ నీళ్లని లోపలికి లాక్కుంటుంది. ఆ పై వరసలోనే పిల్లలకు అస్తమానం విరేచనాలు.

మేం రాసిచ్చిన అర్జీ మున్సిపల్ ఆఫీసులో రెండు వారాలు కదల్లేదు. అక్క ఎనిమిది మందిని వెంటేసుకుని, రెండు సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లి, ఆ సారు టేబుల్ మీదే చుక్కలు వేసింది. "ఇందులో ఏవి తాగుతారు సార్?" అంది. మూడోరోజు జాయింటు మార్చారు. ఆ రోజు నుంచి మేం పిలవకుండానే మనుషులు రావడం మొదలైంది. వారానికోసారి డ్రమ్ములు వంచి తోమండని మేమంటే విననివాళ్లు అక్క అంటే విన్నారు. గుడ్డు దోమయ్యేలోపే నీళ్లు పారబొయ్యాలన్న లెక్క ఆవిడకి మాకంటే తొందరగా ఎక్కింది.

ఒక గొడవ మాత్రం మా చేజేతులా తెచ్చుకున్నాం. ఆశా కార్యకర్తకి ముందు చెప్పలేదు. ఆవిడ పనిలో వేలు పెడుతున్నామనుకుని నెలరోజులు మాట్లాడలేదు, న్యాయంగానే. మీరు మొదట ఆశాని, ఏఎన్ఎంని కలవండి. 2013లో వచ్చిన పట్టణ ఆరోగ్య మిషన్ కింద 50 నుంచి 100 ఇళ్లకు ఒక మహిళా ఆరోగ్య సమితి, దానికి ఏటా 5,000 రూపాయల నిధి అన్న ఏర్పాటు ఉంది. మీ కాలనీలో ఉందో, ఉంటే కాగితం మీదే ఉందో వాళ్లనే అడగండి. మీటింగు మధ్యాహ్నం మూడింటికి పెట్టుకోండి. పొద్దున నీళ్ల టైము, టిఫిన్ల బేరం. ఆ టైములో పిలిచి, ఎవరూ రాలేదని మేం తెగ బాధపడ్డాం. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఇక మెటీరియల్. అక్క గోడమీద క్యాలెండరు ఉంది. పరీక్ష చేసిన రోజు గడిలో, రంగు వస్తే వంటింటి పసుపు తడిపి బొట్టు పెడుతుంది, రాకపోతే ఖాళీగా వదిలేస్తుంది. ఖాళీ గళ్లు వరసగా రెండు కనిపిస్తే సీసా పట్టుకుని ఆఫీసుకి బయల్దేరుతుంది. కావాలంటే అడగండి, ఆవిడ ఒప్పుకుంటే ఫోటో పెడతాను.