వాక్యం తెలిసినా ఇంట్లో నా మాట చెల్లడం లేదు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. 12 ఏళ్లుగా మా సంఘంలో సండే స్కూల్ టీచర్‌ని. బైబిల్ మొత్తం 5 సార్లు చదివాను. అయినా ఏ విషయమైనా అత్తగారు, మరిది, చివరికి మావారు కూడా మా తోడికోడలినే అడుగుతారు. ఆమె ఏడో తరగతితో చదువు ఆపేసింది, బైబిల్ వాక్యం తడుముకుంటూ చదువుతుంది. పోయిన నెల కుటుంబ ప్రార్థనలో ఒక పేరు తప్పు చదివితే బంధువుల ముందే సరిదిద్దాను. అప్పటినుంచి ఆమె బైబిల్ ముట్టుకోవడం లేదు. అందరూ నన్నే తప్పుపడుతున్నారు. అత్తగారికి కాలు విరిగినప్పుడు కూడా వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకు చెప్పే బైబిల్) క్లాసులవల్ల నేను వెళ్లలేకపోయాను, ఆమే చూసుకుంది. నేర్చుకున్న వాక్యానికి విలువ లేదా?

జవాబు: అమ్మా, వందనాలు. ఇన్నేళ్లు పిల్లలకు వాక్యం నేర్పిన మీ మాట ఇంట్లోనే చెల్లకపోతే మనసు ఎంత నొచ్చుకుంటుందో తెలుసు. మీ శ్రమ వృథా పోలేదు. కానీ మీరు ఒక్క ముక్కలో చెప్పి దాటేసిన సంగతి దగ్గరే నేను ఆగిపోయాను.

అత్తగారు మంచం మీద ఉన్న ఆ రోజులు తలచుకోండి. బెడ్‌పాన్ అందించడం, రాత్రి రెండింటికి నొప్పి అంటే లేచి కూర్చోవడం, జావ చల్లార్చి తాగించడం, చిక్కు తీసి జడ వేయడం. ఇవన్నీ చేసిన మనిషిని "ఏం చేద్దామమ్మా" అని అడగడం ఇంట్లోవాళ్లకు అలవాటైపోయింది. మీకూ ఆమెకూ ఎవరూ మార్కులు వేయలేదు.

బైబిల్లో యాకోబు రాసిన పత్రిక 3వ అధ్యాయం మీకు బాగా తెలిసే ఉంటుంది. అది మొదలయ్యేదే బోధకులకు హెచ్చరికతో. తర్వాత నాలుక గురించి, చిన్న నిప్పు పెద్ద అడవిని తగలబెట్టడం గురించి. అదంతా అయ్యాక 13వ వచనంలో, మీలో జ్ఞానం ఉన్నదెవరికి అని అడుగుతాడు. ఉంటే సాత్వికంగా, మంచి నడవడితో, చేసే పనుల్లో చూపించమంటాడు. ఆ వెంటనే అసూయ మాట ఎత్తుతాడు. ఇది రాయడం నాకు కష్టంగానే ఉందమ్మా, కానీ మీ బాధలో అసూయ కూడా కొంత ఉందనిపించింది. ప్రార్థనలో ఆ మాట దాచకుండా చెప్పుకోండి.

పాఠం చెప్పే అలవాటున్నవాళ్లకు క్లాసు అయిపోయినా చాక్‌పీస్ చేతిలోనే ఉండిపోతుంది. కడరాత్రి భోజనం బల్ల దగ్గర కూడా యేసు శిష్యులు తమలో ఎవరు గొప్ప అని వాదించుకున్నారు. ఆ రాత్రే యేసు నడుముకు తువాలు కట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి వాళ్ల కాళ్లు కడిగాడు.

బంధువుల ముందు చిన్నబుచ్చారు కాబట్టి వంటింట్లో చాటుగా సారీ అంటే సరిపోదు. ఇంటిల్లిపాదీ ఉన్నప్పుడు, "చెల్లీ, ఆ రోజు నిన్ను అందరిలో చిన్నబుచ్చాను. తప్పు నాదే, క్షమించు" అనండి. అక్కడితో ఆపేయండి, వివరణ వద్దు. వెంటనే బైబిల్ ఆమె చేతికిచ్చి చదవమంటే టెన్షన్ పడుతుంది. కొన్నాళ్లు 23వ కీర్తన లాంటివి అందరూ కలిసి చదవండి. నలుగురి గొంతులో ఆమె గొంతు కలిసిపోతుంది. భయం పోయాక తనే చదువుతుంది. అప్పుడు తప్పు దొర్లితే దొర్లనివ్వండి.

అత్తగారికి ఇంకా నడక కష్టంగా ఉంటే వారంలో రెండు సాయంత్రాలు మీరు చూసుకుంటానని తోడికోడలితో చెప్పండి. మంచి పేరు కోసం చేస్తున్నట్టు మొదట్లో మీకే అనిపించవచ్చు. అయినా చేయండి. కాలికి నూనె రాసేటప్పుడు వచనాలు చెప్పకండి, ఆవిడ చెప్పేది వినండి.

ఇక్కడ ఒక మాట. తగ్గించుకోమంటే అన్నిటికీ నోరు మూసుకుని పడి ఉండమని అర్థం చేసుకోకండి. భూమి మీద అందరికంటే సాత్వికుడని బైబిల్లోని సంఖ్యాకాండం చెప్పే మోషేయే ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడి మాట్లాడాడు. తనకు విరోధంగా మాట్లాడిన సొంత అక్క మిర్యాముకు కుష్ఠు వస్తే ఆమె బాగుపడాలని మొరపెట్టిందీ ఆయనే. పిల్లల చదువు, ఇంటి ఖర్చుల్లాంటి వాటిలో మీ అభిప్రాయం గట్టిగానే చెప్పండి.

క్షమాపణను మాత్రం ఆదివారం దాకా ఆపకండి. ఈ రాత్రి ప్రార్థనకు చాప పరిచే ముందే అడగండి.