ఆ క్రియ ఎవరిది?

నాయనా,

మొన్న ఆదివారం నువ్వు మా ఇంట్లో వదిలేసి పోయిన మాక్ టెస్ట్ పేపరు రాత్రి కూర్చుని మొత్తం చూశాను. ఇంగ్లీషులో 25 ప్రశ్నలకి తొమ్మిది పోయాయి. వాటిలో ఆరు ఒకే రకం: కర్తకీ క్రియకీ పొంతన కుదరలేదు. నువ్వు రాయబోయే సీజీఎల్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష) మొదటి దశ టైర్-1లో ఒక్కో ప్రశ్నకి 2 మార్కులు, తప్పయితే అర మార్కు కోత. అంటే ఆ ఆరింటి దగ్గరే 15 మార్కులు జారిపోయాయి.

నీకు రూల్స్ రావని కాదు. చిక్కు వేరే చోట ఉంది. 'కొండకు పోయే బస్సుల చప్పుడు వినిపిస్తోంది' అంటాం. అసలు మాట చప్పుడు, అది క్రియను ఆనుకునే ఉంది. ఇంగ్లీషులో అదే 'ద సౌండ్ ఆఫ్ ద బసెస్' అని తిరగబడుతుంది. చప్పుడు ముందుకు పోతుంది, బస్సులొచ్చి క్రియ పక్కన నిలబడతాయి. పుట్టినప్పటి నుంచీ క్రియ పక్కనున్న మాటనే నమ్మిన చెవి మనది. అందుకే 'ఈజ్' రావాల్సిన చోట 'ఆర్' దగ్గర టిక్కు పెట్టేశావు.

పదిహేడో ప్రశ్న చూడు. 'ద క్వాలిటీ ఆఫ్ ద మ్యాంగోస్ సోల్డ్ ఇన్ చిత్తూర్ హావ్ ఇంప్రూవ్డ్.' నువ్వు 'నో ఎర్రర్' అన్నావు. తెలుగులో అనుకో: చిత్తూరులో అమ్మే మామిడిపళ్ల నాణ్యత మెరుగైంది. 'మెరుగయ్యాయి' అని నీ నోట రాదు. కాబట్టి 'హాజ్'. ఇంట్లో చేసేటప్పుడు 'ఆఫ్' నుంచి క్రియ ముందు దాకా పెన్సిల్‌తో బ్రాకెట్ పెట్టి, ఆ ముక్క వదిలేసి చదువు. అసలు పరీక్ష కంప్యూటర్ మీద, అక్కడ గీతలు కుదరవు. ఆలోగా కంటికే అలవాటు కావాలి.

'అలాంగ్ విత్', 'యాజ్ వెల్ యాజ్' వస్తే భయపడొద్దు. 'పిల్లలతో పాటు కుక్క వచ్చింది' అంటాం కదా, ఇంగ్లీషూ అంతే. 'ద నంబర్ ఆఫ్' అంటే భక్తుల సంఖ్య పెరిగింది, ఏకవచనం. 'ఎ నంబర్ ఆఫ్' అంటే చాలామంది భక్తులు వచ్చారు, బహువచనం. ఈ రెండింటినీ బట్టీ పట్టి కలగాపులగం చేసుకునేవాళ్లని ఎంతమందినో చూశాను. తెలుగులో ఒక్కసారి అనుకుంటే చాలు.

తెలుగు దారి తప్పించే చోట్లూ ఉన్నాయి. 'అందరూ వచ్చారు' అంటాం, కానీ 'ఎవ్రీవన్ హాజ్ కమ్'. 'సార్ వచ్చారు' అని గౌరవిస్తాం, ఇంగ్లీషు క్రియలో ఆ గౌరవం ఉండదు, సార్ ఒక్కరే. ఇక 'ఐదర్-ఆర్', 'నైదర్-నార్' మాత్రం గుర్తు పెట్టుకోవాల్సిందే: అక్కడ క్రియకు దగ్గరున్న కర్తదే లెక్క.

మీ అక్క జీమ్యాట్‌కి (ఎంబీఏ ప్రవేశ పరీక్షకి) కొన్న పాత పుస్తకాలు అడిగి తెచ్చుకో. కొత్త జీమ్యాట్‌లో వాక్యాల్లో తప్పులు దిద్దే సెంటెన్స్ కరెక్షన్ తీసేశారు, తనకి వాటితో పని లేదు. ఆ వాక్యాలు చాలా పొడవు, నీకు మంచి సాధన. రోజుకి పది చాలు, కానీ ప్రతి క్రియ దగ్గరా ఆగి అది ఎవరిదో వెతుకు. టైమ్ గురించి ఇప్పుడే టెన్షన్ పడకు.

నీ పేపరు మీద పెన్సిల్ టిక్కులన్నీ రబ్బరుతో తుడిచేశాను. ఆదివారం పొద్దున్నే వచ్చెయ్, ఆ ఆరూ నా ముందు కూర్చుని మళ్లీ చేద్దువు.

మీ పెదనాన్న,
తిరుపతి