కంసుడు కాని ఎలుగు

చిరంజీవికి ఆశీస్సులు.

ఉదయగిరి కొండల నేపథ్యంలో నీవు రాసిన ఎలుగుబంటి కథను శ్రద్ధగా చదివాను. మగ ఎలుగు పిల్లలను చంపే గుహ ఘట్టంలో నీ కలానికి బలం ఉన్నది. అయితే ఆ మృగాన్ని కంసుడితో పోల్చిన చోట కథ మీద నాకు నమ్మకం సడలింది. కంసుడు ఆకాశవాణి మాట విన్నాడు, తన చావుకు భయపడ్డాడు, తెలిసి తెలిసి శిశువులను చంపాడు. ఎలుగుకు ఆ ఎరుకను అంటగట్టావంటే, అది ఎందుకు చంపుతుందో తెలుసుకునే అవసరమే నీకు లేకుండా పోతుంది.

ఈ శిశుహత్యను శాస్త్రజ్ఞులు నిశితంగా పరిశీలించిన చోట్లలో స్వీడన్ ముఖ్యమైనది. అక్కడ ఉండేది గోధుమరంగు ఎలుగు. పిల్లలకు పాలిస్తున్నంత కాలం ఆడ ఎలుగు సాధారణంగా ఎదకు రాదు. పిల్లలు ఏడాదిన్నర, ఒక్కొక్కసారి రెండున్నరేళ్లు తల్లి వెంటే ఉంటాయి. ఆ పిల్లలు చనిపోతే మాత్రం, జతకట్టే కాలంలో, కొద్ది రోజుల్లోనే ఆమె మళ్లీ ఎదకు వస్తుంది. తనవి కాని పిల్లలను చంపిన మగదానికి తండ్రి అయ్యే అవకాశం అలా దక్కుతుంది. వేటగాళ్లు ఒక ప్రాంతంలోని పెద్ద మగ ఎలుగులను కాల్చివేసినప్పుడు, ఆ ఖాళీలోకి కొత్తవి వచ్చి చేరుతాయి, దాంతో పసికూనల చావులు పెరుగుతాయి. ఇక్కడ ఆగి ఆలోచించు: తుపాకి పేలినది ఒక ఎలుగు మీద, పోయినవి మరొక ఎలుగు పిల్లలు. ఇంతటి కథావస్తువు చేతిలో ఉండగా కంసుడిని పిలవవలసిన పని ఏమున్నది?

తల్లి చేసే ప్రయత్నాలను నీవు పూర్తిగా వదిలేశావు. ఆ ఆడ ఎలుగులు ఒకే కాలంలో ఒకటికి మించిన మగవాటితో జతకడతాయి, అందువల్ల పుట్టినవి తనవో కావో మగదానికి తేలదు. పిల్లలున్న తల్లులు కొన్ని జతకట్టే రోజుల్లో మనుషుల ఇళ్లకు దగ్గరగా మసలుతాయి, ఎందుకంటే పెద్ద మగ ఎలుగులు మనిషి వాసనకు దూరంగా ఉంటాయి. బిడ్డల ప్రాణం కోసం ఒక జంతువు మరొక ప్రమాదానికి చేరువగా వెళ్లి నిలబడటం కంటే గొప్ప సన్నివేశం నీ కథలో లేదు.

అయితే స్వీడన్‌లో తేలిన సంగతిని తెచ్చి వెలిగొండల మీద యథాతథంగా దించవద్దు. మన కొండల్లో ఉన్నది వేరే జాతి. చెదపుట్టలను, చీమలను, తేనెను, రేగు, తునికి పండ్లను, ఇప్పపువ్వును తిని బతికేది. పైదవడ ముందుపళ్లు రెండు లేని నోటితో, ముక్కు రంధ్రాలు మూసుకొని, పుట్టలోని చెదలను పెద్ద చప్పుడుతో పీల్చుకుంటుంది. పులీ చిరుతా తిరిగే నల్లమల వంటి అడవుల్లో దానికి చెట్టెక్కడం రక్షణ కాదు, చిరుత కూడా ఎక్కగలదు. అందుకే అది ఎదురుతిరగడానికి అలవాటుపడింది. పిల్లలను వీపు మీది పొడుగాటి జూలులో నెలల తరబడి మోసుకు తిరిగే ఎలుగు ఇదొక్కటే. ఆ తల్లి అలాగే, పిల్లలు వీపున ఉండగానే, శత్రువు మీదికి ఉరుకుతుంది.

కట్టెలకు వెళ్లిన ముసలామెను అది పగబట్టి చీల్చినట్టు రాశావు. పగ కాదు, భయం. పుట్ట తవ్వుతున్నప్పుడు దానికి మన అలికిడి తెలియదు, చూపు కూడా అంతంత మాత్రం. మనిషి అమాంతం ఎదురుపడితే పారిపోవడానికి దూరం చాలక మీద పడుతుంది. తిండి కోసం చేసే దాడి కాదు గనుక సాధారణంగా చీల్చి వదిలి వెళ్లిపోతుంది. కానీ తవ్వడానికి పుట్టిన ఆ పొడుగాటి గోళ్లు ముఖం మీద, తల మీద పడతాయి, బతికినవారి కళ్లు, దవడలు పోతాయి. ఎలుగు తరఫున మాట్లాడే ఉత్సాహంలో ఆ ముసలామె ముఖాన్ని చిన్నది చేయవద్దు.

నా చిన్నతనంలో నెల్లూరు వీధుల్లో ఎలుగును ఆడించేవారు, జడిసిన పిల్లలకు దాని వెంట్రుకతో తాయెత్తు కట్టేవారు. ఆ ఎలుగును పిల్లగా ఉండగానే అడవి నుంచి తేవడానికి దాని తల్లిని చంపేవారన్న సంగతి తాయెత్తు కట్టించుకున్న ఇళ్లలో ఎవరూ తలచేవారు కాదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం వచ్చిన తరువాత కూడా ఆ ఆట దశాబ్దాల పాటు సాగింది. ఎలుగుపిల్లల చావు మీద కథ రాస్తూ మనిషిని కేవలం బాధితుడిగా చూపడం నాకు సమ్మతం కాదు.

కాబట్టి గుహ ఘట్టాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టి, ముసలామె మీద దాడి జరిగిన పుట్ట దగ్గరి ఘట్టాన్ని తిరిగి రాయి. అంతకుముందు నల్లమల అంచున ఉన్న దోర్నాల వైపు వెళ్లి, తేనెకు, తునికాకుకు అడవిలో తిరిగే చెంచులను అడుగు: ఎలుగు దగ్గరలో ఉన్నదని వారికి ముందుగా దేనివల్ల తెలుస్తుంది, తెలిశాక ఏం చేస్తారు అని. వారు చెప్పినది చెప్పినట్టు రాసుకో. తరువాత మొత్తం కథ కాక, ఆ ఒక్క ఘట్టమే నాకు పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి,
నెల్లూరు