టెక్ సందేహాలు: గంటగోపురం వెనక్కి వాలడానికీ మీ గ్యాలరీకీ ఏమిటి సంబంధం?

ప్రశ్న: పాత రాతి చర్చిలను, వాటి కట్టుబడిని ఫొటోలు తీయడం నాకు అలవాటు. కింద నిలబడి ఫోనుతో తీస్తే గంటగోపురం వెనక్కి పడిపోతున్నట్టు వస్తోంది. గోడలను నిటారుగా నిలబెట్టే ఉచిత యాప్ ఒకటి దొరికింది కానీ, అది గ్యాలరీ మొత్తానికీ కాంటాక్టులకూ లొకేషన్‌కూ అనుమతి అడుగుతోంది. ఇవ్వవచ్చా? అలాగే, గోడ రాయి ఫొటోలో ప్లాస్టిక్‌లా నున్నగా వస్తోంది, ఎందుకు?

జవాబు: ఇవ్వకూడదు. ఇంతటితో ముగించవచ్చు గానీ, ఇదే ప్రశ్న ఒకసారి గోపురం పేరుతో, మరొకసారి స్తంభాల పేరుతో, ఇంకొకసారి కమానుల పేరుతో నెలల తరబడి వస్తూనే ఉంది. పైగా చాలామంది అనుమతి ఇచ్చేసిన తరువాత తీరిగ్గా అడుగుతున్నారు.

ముందు వాలు సంగతి చూద్దాం. ఇందులో లెన్సు తప్పేమీ లేదు. ఫోనులోని సెన్సరు గోడకు సమాంతరంగా ఉన్నంతసేపు నిలువు గీతలు నిలువుగానే పడతాయి. శిఖరం ఫ్రేములో పట్టడం లేదని ఫోనును వెనక్కి వంచామా, అవి పైకి పోయేకొద్దీ ఒకదానివైపు ఒకటి జరుగుతాయి. కాబట్టి వంచవలసింది ఫోనును కాదు, నడవవలసింది మనం. గోపురం ఎత్తు 60 మీటర్లు అనుకుంటే, నిలువుగా పట్టుకున్న ఫోనును ఏమాత్రం వంచకుండా, 24 ఎం.ఎం.కు సమానమైన మామూలు లెన్సుతో దాని కొనను అందుకోవడానికి దాదాపు 80 మీటర్ల దూరం కావాలి, 13 ఎం.ఎం. అల్ట్రావైడ్‌తో 45 మీటర్లు సరిపోతాయి. అలా తీసిన ఫ్రేములో కింది సగమంతా నేలే గనుక దానిని కత్తిరించాలి, అంటే 12 మెగాపిక్సెళ్లలో మీకు దక్కేవి ఆరే. వెనక్కి నడిచే చోటు లేకపోతే ఎదుటి మేడ రెండో అంతస్తు కిటికీ దగ్గర నిలబడి తీయడం అన్నిటికన్నా మేలు.

అదీ కుదరనప్పుడే సాఫ్ట్‌వేర్ జోలికి పోవాలి. అది ఫొటో పైభాగాన్ని పక్కలకు సాగదీసి గోడలను నిలబెడుతుంది కనుక అంచుల్లో ఉన్నవి తెగిపోతాయి. తీసేటప్పుడే చుట్టూ ధారాళంగా ఖాళీ వదలాలి. మరీ నిక్కచ్చిగా నిలబెట్టినా బాగుండదు. కింద నుంచి చూసే కంటికి కొంత వాలు అలవాటే. ఆ కాస్త కూడా లేకపోతే గోపురం తల బరువెక్కి మీదకు వస్తున్నట్టు కనిపిస్తుంది.

ఆటోమేటిక్ సవరణను మాత్రం నేను నమ్మను. పాత కట్టడాల్లో కొన్ని నిజంగానే వంగి ఉంటాయి. ఇంగ్లండులోని సాలిస్‌బరీ కథీడ్రల్‌నే తీసుకోండి. 13వ శతాబ్దపు చర్చి మీద ఆ తరువాత లేపిన గోపురమూ శిఖరమూ కలిసి దాదాపు 6,500 టన్నుల అదనపు బరువు మోపాయి. శిఖరం కొన 123 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ భారానికి కింది స్తంభాలు వంగిన తీరు నేటికీ కంటికి తెలుస్తుంది. 1668లో వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ పరిశీలించినప్పుడు శిఖరం సుమారు 75 సెంటీమీటర్లు పక్కకు ఒరిగి ఉన్నట్టు తేలింది. పొడవైన అంచు కనబడితే చాలు దానినే లంబరేఖగా తీసుకునే సాఫ్ట్‌వేరుకు ఈ చరిత్రతో పని లేదు. వంగిన స్తంభాన్ని తిన్నగా నిలబెట్టి, తిన్నగా ఉన్న గోడను వంచి మీ చేతికిస్తుంది. అందుచేత స్లైడరును చేత్తో జరపండి. లోపల తీసిన ఫొటో అయితే పైకప్పు నుంచి వేలాడే దీపపు గొలుసునో, గంట మోకునో ఆధారం చేసుకోండి. భూమ్యాకర్షణ అబద్ధం చెప్పదు.

ఇక నన్ను నిజంగా కలవరపెట్టే విషయం. ఒక గోడను నిలబెట్టడానికి ఒక్క ఫొటో చాలు. ఆ పనికి వేల ఫొటోలు చూడాలని అడిగే యాప్‌కు వేరే పనేదో ఉన్నట్టే. గ్యాలరీలో చర్చి ఫొటోలు మాత్రమే ఉన్నాయని మీరు అనుకుంటారు. కాస్త వెనక్కి జరిపి చూడండి: గుర్తింపు కార్డు ముందూ వెనకా, పాసుపుస్తకం మొదటి పేజీ, ఎవరికో పంపిన ఆస్పత్రి రిపోర్టు, మరిచిపోతామని స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్న పాస్‌వర్డు. 2025 ఫిబ్రవరిలో కాస్పర్‌స్కీ పరిశోధకులు బయటపెట్టిన స్పార్క్‌క్యాట్ అనే మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) సరిగ్గా ఇక్కడే చెయ్యి పెట్టింది. గ్యాలరీ అనుమతి దొరకగానే అది బొమ్మల్లోని అక్షరాలను చదివి, క్రిప్టో వాలెట్లను తిరిగి తెరిపించే రికవరీ పదాలు ఉన్న వాటిని ఏరి దొంగల సర్వరుకు చేరవేసేది. అది దాగిన యాప్‌లలో కొన్ని అధికారిక స్టోర్లలోనే దొరికాయి. అంతకుముందు 2022 అక్టోబరులో, లాగిన్ వివరాలు కాజేసే 400కు పైగా యాప్‌లను గుర్తించినట్టు ఫేస్‌బుక్ యజమాని అయిన మెటా సంస్థ ప్రకటించింది. వాటిలో 40 శాతానికి పైగా వేసుకున్నవి ఫొటో ఎడిటర్ వేషాలే. ‘స్టోరులో ఉంది కాబట్టి భయం లేదు’ అని రాసే పాఠకులకు ఈ రెండు సంగతులూ చాలనుకుంటాను.

నిజానికి ఇటీవలి ఫోన్లలో ‘ఎంచుకున్న ఫొటోలకు మాత్రమే’ అనే అనుమతి ఉంటుంది. దానికి ఒప్పుకోకుండా మొరాయించే యాప్‌ను అక్కడికక్కడే తీసిపారేయాలి. ‘యాక్సెసిబిలిటీ’ అనుమతి కూడా అడిగితే ఇక ఆలోచించవలసిన పనే లేదు, ఎందుకంటే దానితో మీ తెరపై ఉన్నది చదవడమే కాదు, మీ బదులు బటన్లు కూడా నొక్కవచ్చు. చాలా ఫోన్లలో మొదటినుంచీ ఉండే ఎడిటరులోనే, క్రాప్ పక్కన, వాలును సరిచేసే పర్‌స్పెక్టివ్ స్లైడర్లు ఉంటాయి. వాటిని ఒక్కసారైనా తెరిచి చూడకుండా కొత్త యాప్ కోసం పరుగెత్తడం ఏమిటో నాకు అర్థం కాదు. ఇప్పటికే అనుమతి ఇచ్చి ఉంటే యాప్‌ను తొలగించడంతో సరిపోదు. పోయిన ఫొటో తిరిగి రాదు కాబట్టి, ఆ బొమ్మల్లో ఉన్న పాస్‌వర్డులన్నీ ఈరోజే మార్చండి.

లొకేషన్ గురించి కూడా ఒక మాట. ఏ చర్చి ఎక్కడుందో గుర్తుండటానికి మీ అసలు కాపీలో అది ఉండవచ్చు. కానీ కాపలా లేని చిన్న ప్రార్థనాలయంలోని చెక్కుడు శిల్పాన్ని దగ్గరగా తీసి, అక్షాంశ రేఖాంశాలతో సహా అందరికీ పంచితే, అది దొంగకు దారి చూపించడమే. చాలా మెసేజింగ్ యాప్‌లు ఫొటోగా పంపినప్పుడు ఈ వివరాన్ని తీసేస్తాయి; నాణ్యత తగ్గకూడదని డాక్యుమెంటుగా పంపితే మాత్రం అది అలాగే వెళుతుంది. పంచే ముందు తొలగించండి.

రాయి ప్లాస్టిక్‌లా రావడం మీ ఒక్కరి బాధ కాదు. మసక వెలుతురులో ఒక స్తంభపు పీఠాన్ని తీసినప్పుడు నా ఫోను తెర మీద ఏటవాలు ఉలి దెబ్బలు, వాటి మధ్య గోరంత లైకెన్ మచ్చలు స్పష్టంగా కనిపించాయి. ఒక్క సెకను గడిచి ప్రాసెసింగ్ పూర్తి కాగానే అవన్నీ చెరిగిపోయి, రాయి కాస్తా సబ్బుబిళ్ల అయింది. చీకట్లో పుట్టే చుక్కచుక్కల నాయిస్‌నూ ఉలి గీతలనూ ఆ సాఫ్ట్‌వేర్ వేరుచేయలేదు, రెండింటినీ కలిపే తుడుస్తుంది. ఆపైన పదును పెంచుతున్నానంటూ లేని గరుకుదనాన్ని తానే అల్లుతుంది. తాము చెక్కిన రాళ్ల మీద రాతిపనివారు వేసుకున్న సొంత గుర్తులు పాత చర్చిలలో ఎన్నో చోట్ల నిలిచి ఉన్నాయి. శతాబ్దాల తరబడి చెక్కుచెదరని గుర్తును ఒక్క సెకనులో మాయం చేయడం సామాన్యమైన ప్రతిభ కాదు.

ఫోను ఒక్క నొక్కుకు తీసే పలు ఫొటోలను ఒకటిగా కలపడమే తప్పని నేను అనడం లేదు. 1851లో ఫ్రెంచి ప్రభుత్వం పాత కట్టడాలను ఫొటోలుగా నమోదు చేయమని ఐదుగురిని పంపింది. వారిలో ఒకడైన ఎడువార్ బాల్‌ద్యూ, ఆర్ల్ నగరంలోని సాన్ త్రోఫీమ్ చర్చి మఠపు వసారా ఒక్క నెగటివ్‌లో ఇమడదని, పది నెగటివ్‌ల ముక్కలను అతికి ఒకే చిత్రం చేశాడు. ఏ ముక్క ఎక్కడ అతికాడో అతనికి తెలుసు. నేటి ఫోను అటువంటి పనే చేస్తుంది, కానీ మనకు చెప్పదు, వద్దంటే వినదు. నా ఫోనులో గతంలో సెట్టింగులలో ‘మెరుగుపరచడం’ ఆపివేసే అవకాశం ఉండేది. ఒక అప్‌డేట్ వచ్చింది, అది పోయింది. భద్రత కోసం అప్‌డేట్ తప్పనిసరి, నేనూ వేయమనే చెబుతాను. ఆ భద్రతా సవరణతో పాటే కెమెరా రుచులను మార్చే సొంత పైత్యాన్ని కూడా కట్టిపంపడం మాత్రం దౌర్జన్యం.

ప్రస్తుతానికి ఉన్న దారి, సెన్సరు పట్టినదాన్ని మెరుగులు దిద్దకుండా దాచే రా ఫార్మాట్. ఒక్కో ఫొటో పాతిక మెగాబైట్ల వరకు ఉంటుంది, కార్డు త్వరగా నిండుతుంది, రంగులు మీరే సరిచేసుకోవాలి; అయినా ఉలి గీత మిగులుతుంది. ఫోనును ఏ బల్ల అంచునో ఆనించి, టైమరు పెట్టి, ఐ.ఎస్.ఓ.ను (వెలుతురును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకెను) వీలైనంత తక్కువలో ఉంచండి. ఫ్లాష్ వద్దు, ఫోను దీపం రెండు మూడు మీటర్లు దాటి పనికిరాదు. కప్పు 37 మీటర్ల ఎత్తున ఉండే ఫ్రాన్సులోని షార్త్ర్ కథీడ్రల్ వంటి చోట దానిని వెలిగించడం సముద్రంలో కాకిరెట్టే.

ప్రశ్న: చర్చి లోపల ఎల్.ఇ.డి. దీపాల కింద తీసిన ఫొటోల్లో అడ్డంగా నల్లచారలు వస్తున్నాయి. ఫోను పాడైందా?

జవాబు: లేదు. 50 హెర్ట్జ్ కరెంటు మీద నాసిరకం దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి, సెన్సరు వరసలు వరసలుగా చదువుతుంది కాబట్టి ఆ మిణుకు చారలై పడుతుంది. మాన్యువల్ మోడ్‌లో షట్టరును 1/50 లేదా 1/100 సెకను దగ్గర ఉంచండి. కరెంటు 60 హెర్ట్జ్ ఉన్న దేశంలో అయితే 1/60 లేదా 1/120.